చింపిన పేజీ వెనక

మా నాన్నమ్మ కుట్టిన దిండు గలీబు ఒకటి నా దగ్గరుంది. ఒకప్పుడు మల్లెపువ్వులా ఉండేదట, ఇప్పుడు గంజి రంగుకు దిగింది. దాని మీద ఒక కొమ్మ, కొమ్మ మీద రామచిలక. ముక్కుకు వేసిన ఎర్రదారం ఇంకా వెలవలేదు గానీ రెక్కల ఆకుపచ్చ అక్కడక్కడా పసుపు తిరిగింది. కొమ్మంతా కాడ కుట్టు, ఆకుల అంచులకి గొలుసు కుట్టు, చిలక కంటికి ఒకే ఒక్క ముడి కుట్టు. గలీబు తిరగేస్తే లోపలి పక్క కూడా బయటి పక్కంత శుభ్రంగా ఉంటుంది. దారం కొసల్ని ముడెయ్యకుండా కుట్ల కిందికే దూర్చేసింది.

గలీబుతో పాటు ఆ ట్రంకుపెట్టెలోనే పాత పత్రికల కట్ట దొరికింది. పురికొసతో కలిపి కుట్టి ఉంది. అట్టలు పోయాయి, మొదటి పేజీలు పోయాయి, ఏ పత్రికో ఏ సంవత్సరమో చెప్పే ఆధారం మిగల్లేదు. చెదలు వదిలిపెట్టిన పేజీల్లో ఒక ధారావాహిక ఉంది. ఉద్యోగమని పరాయి ఊరు వెళ్ళిన మొగుడు రెండేళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతాడు. ఆఖరి భాగంలో అతని దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. ఆవిడ ఉత్తరం విప్పి చదువుకుని గడప దగ్గరికి వస్తుంది. అత్తగారు ఏం రాశాడని అడుగుతుంది. అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ లేదు.

అది చిరిగిపోయిన పేజీ కాదు, కత్తెరతో తిన్నగా కోసిన పేజీ. కుట్టు దగ్గర వేలెడు వెడల్పు కాగితం మిగిలింది. ఆ ముక్క మీద ఒక ఆకు కొస ఉంది. గలీబు తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. చిలక కూర్చున్న కొమ్మకి ఎడమ చివరనున్న ఆకు అదే. కొలత కూడా సరిపోయింది. నాన్నమ్మకి చిలక కావాల్సి వచ్చింది. కథ ముగింపు ఆ చిలక వీపు మీద అచ్చయి ఉంది. చిలకతో పాటు అదీ పోయింది.

అనకాపల్లిలో మా మేనత్త ఉంది, ఎనభై దాటాయి. వెళ్ళి అడిగాను.

"కొయ్యకపోతే ఎలాగే? అప్పుడు ట్రేసింగు కాయితాలు ఎక్కడివి?" అంది. తర్వాత చేత్తో చూపిస్తూ చెప్పింది. పేజీని మడతపెట్టిన దుప్పటి మీద పరిచి, గీత పొడుగునా సూదితో దగ్గర దగ్గరగా కన్నాలు పొడవాలి. ఆ పేజీని గుడ్డ మీద కదలకుండా పెట్టి, నీలిమందు కిరసనాయిల్లో కలిపి, దూది ముద్దతో పైన రుద్దాలి. కాగితం ఎత్తితే గుడ్డ మీద నీలం చుక్కల చిలక. "ఒక పేజీతో నాలుగిళ్ళ వాళ్ళు దింపుకునేవారం. అయిదో ఇంటికెళ్ళేసరికి ఆ కాయితం జల్లెడైపోయేది" అంది. అంటే మా నాన్నమ్మ చిలకలాంటివి మా ఊరు చోడవరంలో ఇంకో మూడు నాలుగు దిండ్ల మీద కూర్చుని ఉండాలి.

"మరి కథ?" అని అడిగాను.

"ఆ కథా? అతను తిరిగొచ్చీసాడు కదా. మీ నాన్నమ్మే చెప్పింది మాకు."

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. అమ్మ కోడలిగా ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తగారి దగ్గర అదే కథ విన్నదట. కానీ అమ్మ విన్న కథలో అతను రాలేదు. ఉత్తరం చదివిన ఆవిడ అత్తగారికి అన్నం వండిపెట్టి, పుట్టింటి ఊరు వెళ్ళి ఆడపిల్లలకి బడి పెట్టుకుంది. కూతురికి ఒక ముగింపు, కోడలికి ఒక ముగింపు. అచ్చులో ఏది ఉందో ఆ నాలుగిళ్ళు తిరిగి జల్లెడైపోయిన కాగితానికి తెలుసు.

నేను ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను. ఆడవాళ్ళ పత్రికల మాట వస్తే పెద్ద చదువులు చదివినవాళ్ళు పెదవి విరవడం చాలాసార్లు చూశాను. వంటలూ కుట్లూ తప్ప అందులో ఏముంటుందనేవారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో మాత్రం ఈ కోసిన పేజీ చూసేదాకా సరిగ్గా చెప్పలేకపోయాను.

ఇలాంటి పేజీలు పోగొట్టుకున్నది మా ఇల్లొక్కటే కాదు. లండన్‌లో 1770లో లేడీస్ మ్యాగజీన్ అని ఒక మాసపత్రిక మొదలైంది. వెల ఆరు పెన్నీలు. కథలు, పద్యాలు, పరదేశాల వార్తలు, పాటల స్వరాలు, పొడుపుకథలు, కొత్త దుస్తుల బొమ్మలు అన్నీ కలిపి వేసేవారు. అరవై ఏళ్ళకు పైగా నడిచి 1832లో మరో పత్రికలో కలిసిపోయింది. దాంతో పాటు ఎంబ్రాయిడరీ నమూనాల కాగితాలు ఇచ్చేవారు, గౌను అంచుకీ రుమాలుకీ ఏప్రన్‌కీ. ఇవాళ పెద్ద పెద్ద గ్రంథాలయాల్లో తోలు బైండింగుతో భద్రంగా ఉన్న సంపుటాలు తెరిచి చూస్తే ఆ నమూనాల్లో చాలా భాగం కనబడవు. చదివినవాళ్ళు తీసుకుని వాడేసుకున్నారు. పుస్తకంలో చెక్కుచెదరకుండా మిగిలిన నమూనా అంటే ఎవరూ కుట్టుకోని నమూనా. గ్రంథాలయం వాళ్ళకి అది అదృష్టం కావచ్చు, నాకు మాత్రం ఎవరూ ముట్టని పువ్వులా అనిపిస్తుంది.

ఆ పత్రిక గురించి తెలిశాక నన్ను వదలని సంగతి ఇంకొకటుంది. అందులో రాసినవాళ్ళలో ఎక్కువమంది పాఠకులే. పేరు పెట్టకుండానో, మారుపేరుతోనో, డబ్బు ఆశించకుండా కథలు, పద్యాలు పంపేవారు. ఒక నెల నమూనా చూసి రుమాలు అంచు కుట్టిన మనిషే మర్నెల కథ పంపి ఉండొచ్చు. సూదీ కలమూ ఒకే చేతిలో ఉండేవన్నమాట. ఇంగ్లీషు నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ తన చిన్నతనంలో ఈ పాత సంచికలు చదివింది. అవి వాళ్ళమ్మవో పిన్నివో. ఓడ మునిగినప్పుడు తడిసి ఉప్పునీటి మరకలు పడ్డ పుస్తకాలు. సెలవు మధ్యాహ్నాలు ఇష్టంగానూ, పాఠాల వేళ దొంగచాటుగానూ చదువుకునేదట. ఆ పత్రికకి రాసే కాలంలో పుట్టనందుకు బాధపడ్డానని 1840లో ఒక ఉత్తరంలో రాసింది. అందులోనే చెప్పింది, పనికిమాలిన ప్రేమకథలున్నాయని వాళ్ళ నాన్న వాటిని తగలబెట్టేశాడని. మా నాన్నమ్మ కత్తెరకీ ఆ పెద్దమనిషి నిప్పుకీ ఎంత తేడా ఉందో నేను ఎప్పుడూ ఆలోచిస్తూనే ఉంటాను. రెండూ కాగితాన్ని లేకుండా చేసినవే. కత్తెర వల్ల పోయింది చిలకై తిరిగొచ్చింది.

ఆ కాలపు ఫ్యాషన్ బొమ్మల్ని అచ్చులో చూసినప్పుడు నాకు ముందు కనబడేది తెలుపు. పారిస్‌లో 1797లో మొదలైన జర్నల్ దే దామ్ ఎ దే మోద్, లండన్‌లో 1806లో జాన్ బెల్ మొదలుపెట్టిన లా బెల్ అసాంబ్లే, ఏది తీసినా చేత్తో రంగులద్దిన బొమ్మల్లో సన్నటి తెల్ల మస్లిన్ గౌన్లు. రొమ్ము కింద కట్టు, అక్కణ్ణుంచి పాదాల దాకా జారే గుడ్డ. ఆ సన్నటి నూలు మొదట వెళ్ళింది మన దేశం నుంచే. వంగదేశపు మస్లిన్ల పేరు అందరికీ తెలుసు. మన తీరం పేరు అంతగా వినబడదు గానీ నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం మాదాపోలం అనే గుడ్డకి పేరై ఇవాళ్టికీ యూరప్ బట్టల కొట్లలో బతికుంది. మా విశాఖపట్నం తీరం నుంచి ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళు ఓడలకెక్కించింది పుంజాల బట్ట. పడుగులో 120 పోగులైతే ఒక పుంజం. పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నబడుతుంది. నేతగాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ఎక్కాల కంటే ముందు ఈ లెక్క నేర్చి ఉంటారు.

1809లో లండన్‌లో రుడాల్ఫ్ అకెర్మన్ అనే ఆయన రిపాజిటరీ ఆఫ్ ఆర్ట్స్ అనే పత్రిక తెచ్చాడు. అందులో గుడ్డ బొమ్మ కాదు, గుడ్డ ముక్కే అంటించి ఇచ్చేవాడు. చదివే ఆవిడ వేలితో ముట్టుకుని, వెలుగుకి పట్టి చూసుకుని, ఫలానా కొట్లో దొరుకుతుందని తెలుసుకోవచ్చు. పత్రిక పేజీ మీద బట్టల కొట్టు పెట్టడమంటే అదే. ఆ ముక్కలు బ్రిటన్ మిల్లుల్లోనూ మగ్గాల మీదా తయారైన గుడ్డలవి. వాళ్ళ తయారీని వాళ్ళ ఆడవాళ్ళకి అలవాటు చేయడానికే అంటించారు. 1813లో చట్టం మారి మన దేశపు వ్యాపారం కుంఫిణీ ఒక్కదాని చేతి నుంచి జారాక ఆ మిల్లు గుడ్డ మన రేవుల్లోనే దిగడం మొదలైంది. తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళలో మా తీరంలో కుంఫిణీ బట్టల కొనుగోలు ఆగిపోయింది, మగ్గాలు గోతుల్లో చల్లబడ్డాయి. అంత చిన్న గుడ్డ ముక్క, గోరంత జిగురు. దాన్ని తాకి మురిసిన ఆడమనిషి మీద నాకు కోపం లేదు. మంచి గుడ్డ వేలికి తగిలితే కలిగే సంతోషం ఎక్కడైనా ఒకటే. కానీ ఆ పేజీకి కూడా ఒక వెనక పక్క ఉంది, అది మా పక్క. అక్కడ అచ్చేమీ లేదు.

మనకి ఆడవాళ్ళ పత్రిక రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ముందు అక్షరం రావాలి కదా. 1883లో వీరేశలింగం పంతులుగారు సతీహితబోధిని మొదలుపెట్టారు. 1893లో తెలుగు జనానా వచ్చింది. పేర్లలోనే తెలుస్తుంది, హితం చెప్పేవాళ్ళు మగవాళ్ళు, వినేవాళ్ళు ఆడవాళ్ళు. చెప్పినవాళ్ళ మనసు మంచిది, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఎవరో మన మేలు కోరి ఎదురుగా కూర్చుని చెబుతుంటే వినడం వేరు, పక్కింటి ఆవిడ పెరటి గోడ మీద మోచేతులానించి మాట్లాడటం వేరు. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు హిందూసుందరి తెచ్చి సంపాదకత్వం ఆడవాళ్ళ చేతికిచ్చారు. మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ. గోడ మీది మాటలు అచ్చులోకి వచ్చింది అక్కణ్ణుంచే అని నా నమ్మకం.

భండారు అచ్చమాంబ కథ ధనత్రయోదశి ఆ సంవత్సరమే ఆ పత్రికలోనే వచ్చింది. ఆమె 1874లో పుట్టింది. ఆరేళ్ళకే పెళ్ళి. చదువు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి పక్కన కూర్చుని నేర్చుకున్నది. పిల్లలు పోయారు. అబలా సచ్చరిత్ర రత్నమాల రాసి, ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించి, 1905లో ముప్పై ఏళ్ళకే కన్నుమూసింది. ధనత్రయోదశిలో దీపావళి వస్తోంది, ఇంట్లో లేమి, మొగుడు యజమాని సొమ్ముకి ఆశపడతాడు, భార్య ఒప్పుకోదు, తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. పండగ పూట కొత్తబట్ట లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి రాసిన కథ అది.

ఎన్నో ఏళ్ళు తెలుగులో తొలి కథానిక అంటే 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన దిద్దుబాటే అని మేం పిల్లలకి చెప్పాం. నేనూ చెప్పాను. అది రాసిన గురజాడవారు మా పక్క రాయవరంలో పుట్టినవారు, ఆయన పేరు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదయ్యేది, ఇప్పటికీ అవుతుంది. ఆ కథ గొప్పతనం ఎక్కడికీ పోదు. కానీ దానికి ఎనిమిదేళ్ళ ముందు అచ్చయిన కథ అన్నేళ్ళు లెక్కలోకి రాలేదంటే కారణం నాకొకటే కనబడుతుంది. అది ఆడవాళ్ళ పత్రికలో ఉంది. చిలక ఉన్న కాగితం తిప్పి చూడాలని ఎవరికీ తోచలేదు.

1928లో మద్రాసులో కేసరి గారు గృహలక్ష్మి పెట్టారు. ఆయన వైద్యులు, ఆడవాళ్ళకని చేసిన లోధ్ర మందు పేరు తెలుగు దేశమంతా ఎరుగును. ఆ పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారద లేఖలు రాశారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలు. పండగల మాటలుంటాయి, ఖద్దరు ఉంటుంది, పెళ్ళి వయసు చట్టం ఉంటుంది, ఆస్తి హక్కు ఉంటుంది. అన్నీ ఒకే ఉత్తరం గొంతులో, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి. ఉపన్యాసమైతే మగవాళ్ళు అడ్డుపడేవారేమో, ఉత్తరానికి ఎవరు అడ్డుపడతారు? మా పక్క పొందూరు వాళ్ళు వాలుగ చేప దవడతో పత్తి ఏకి ఎంత సన్నని నూలు తీస్తారో, ఆవిడ మాట కూడా అంత సన్నగా తీసేవారు. వాలుగ పళ్ళు గింజనీ చెత్తనీ పట్టుకుని పీచుని వదిలేస్తాయి.

1934 నుంచి గృహలక్ష్మి ఏటా ఒక రచయిత్రికి స్వర్ణకంకణం ఇచ్చింది. మొదటిది వరలక్ష్మమ్మగారికి. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు కిటికీ దగ్గర కూర్చుండిపోయాను. రాసినందుకు శాలువా కాదు, పతకం కాదు, చేతికి బంగారు కడియం. ఆడదానికి నగ మీద మోజెక్కువని ప్రతి సంస్కర్తా తిట్టిన కాలంలో, అదే నగని తెచ్చి కలం పట్టిన చేతికి తొడిగారు. పుట్టింటివాళ్ళు పెట్టింది కాదు, అత్తింటివాళ్ళు పెట్టింది కాదు. ఆ చేయి కదిలినప్పుడు కంకణం కాగితానికి తగిలి చిన్నగా చప్పుడు చేసి ఉంటుంది కదా.

మా ఇంట్లో ఆ తర్వాతి కాలం అమ్మది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రమదావనం. మొహం మీద మచ్చలకి ఏం రాయాలో, మనసు మీద దెబ్బలకి ఏం చెయ్యాలో ఆవిడే చెప్పేది. వంటల పుస్తకం రాసిన ఆ చేత్తోనే స్వాతిలో పాత కెరటాలు అని ప్రపంచ నవలలు వందల కొద్దీ పరిచయం చేసింది. ఇంగ్లీషు రాని మా అమ్మకి రష్యా నవలలో ఎవరు ఎవర్ని ప్రేమించారో తెలుసు. అదెలా వచ్చిందని అడిగితే ఆవకాయ కొలతలు నేర్చుకున్న చోటే నేర్చుకున్నానని చెబుతుంది. అమ్మ కత్తిరించుకున్న కాగితాలు గోధుమపిండి డబ్బాలో ఉండేవి, ఒక్కో కాగితానికి రెండు వైపులా పనికొచ్చేదే ఉండేది. ఏది ముందు పక్కో ఏది వెనక పక్కో అమ్మకి తేడా ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

పోయిన మాఘంలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. రవిక మీద నాన్నమ్మ చిలక కావాలంది. మా చోడవరం బజారులో ఇప్పుడు సందుకొక మగ్గం వర్క్ బోర్డు ఉంది. ఫోన్లో బొమ్మ చూపిస్తే కుట్టేస్తారు. చెరకు క్రషింగ్ రోజులు, గోవాడ ఫ్యాక్టరీకి పోయే బళ్ళు రోడ్డు నిండా, గాలిలో పాకం వాసన. వినాయకుడి గుడి వెనక సందులో ఇంటి వరండాలోనే మగ్గం పెట్టుకున్న ఒక అమ్మాయి దగ్గరికి గలీబు తీసుకెళ్ళాను. పాతికేళ్ళుంటాయి. గలీబు తిరగేసి లోపలి పక్క చూసింది ముందు. పనితెలిసిన మనిషని అప్పుడే అర్థమైంది.

"ఎవరు కుట్టారు టీచరుగారూ? ఒక్క ముడి లేదు."

ఫోన్లో ఫొటో తీసుకుంటుందనుకున్నాను. బటర్ పేపరు పరిచి పెన్సిల్‌తో చిలకని ఎత్తింది. ఆ కాగితాన్ని మడతపెట్టిన దుప్పటి మీద వేసి, సూదితో గీత పొడుగునా కన్నాలు పొడవడం మొదలుపెట్టింది. టక్ టక్ టక్. మెరూన్ పట్టు మీద పరిచి తెల్లపొడి కిరసనాయిల్లో కలిపి దూదితో రుద్దింది. నీలం ఒక్కటే మారింది. కాగితం ఎత్తేసరికి పట్టు మీద తెల్ల చుక్కల చిలక, మా అత్త చెప్పినట్టే.

పని అయ్యాక ఆ బటర్ పేపరు నన్ను తీసుకెళ్ళమంది. "ఇంకెవరికైనా కావాలంటే వాడుకోవచ్చండి, నాలుగైదు సార్లు వస్తుంది" అంది. కిరసనాయిలు వాసన పోయేదాకా డాబా మీద ఎండలో రెండ్రోజులు పెట్టాను. వెనక పక్క ఖాళీగా ఉంది. పెన్సిల్ తీసుకుని, ఆవిడ ఉత్తరం పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది అన్న చోటు నుంచి రాయడం మొదలుపెట్టాను. అత్త చెప్పింది పైన రాశాను, అమ్మ చెప్పింది కింద రాశాను. పెన్సిల్ మొన కన్నాల్లో పడి మాటిమాటికీ ఆగుతోంది. చిలక కన్ను దగ్గర కన్నం కాస్త పెద్దది. అక్కడ ఒక అక్షరం సరిగ్గా పడలేదు, దాన్ని అలాగే ఉంచేశాను.